నాలుగు ఫ్లడ్‌లైట్లున్నా మెట్టు కనబడలేదు

అమలాపురం దగ్గరి ఒక ఊళ్లో పుట్టిల్లు ఉన్న పాఠకురాలి ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని ఇక్కడ కుదించి ఇస్తున్నాం.

ఆవిడ హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మానాన్నలిద్దరూ డెబ్బై దాటినవాళ్లు, ఊళ్లోనే ఉంటారు. స్థలం 25 సెంట్లు. గేటు నుంచి వీధి మెట్ల దాకా 35 మీటర్ల దారి, ఇంటి వెనక 15 మీటర్ల దూరంలో బాత్రూమ్, చుట్టూ కొబ్బరి చెట్లు, ఒక పెద్ద మామిడి, పెరట్లో తులసికోట. కిందటి వేసవిలో పక్క వీధిలో దొంగతనం జరిగింది. మస్కట్‌లో ఉన్న తమ్ముడు కంగారుపడి, ఎలక్ట్రీషియన్‌తో ఫోన్లోనే మాట్లాడి నాలుగు 50 వాట్ల తెల్ల ఫ్లడ్‌లైట్లు పెట్టించాడు. వీధి గుమ్మం పైన ఒకటి, డాబా పక్క గోడకి ఒకటి, గేటు దగ్గర ఇనప స్తంభానికి ఒకటి, బాత్రూమ్ గోడకి ఒకటి. సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా వెలుగుతాయి.

అక్కణ్ణుంచి ఇబ్బందులు మొదలయ్యాయి. పక్కింట్లో ఉండే బాబాయిగారి పడకగదిలోకి ఆ వెలుతురు సూటిగా పడుతోంది. రెండుసార్లు చెప్పి చూసి ఇప్పుడు మాట్లాడటమే మానేశారు. పురుగుల బాధకి అమ్మగారు సాయంత్రం అరుగు మీద కూర్చోవడం లేదు. వానాకాలంలో ఒక రాత్రి నాన్నగారు వీధి మెట్లు దిగుతూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. "అంత వెలుతురున్నా మెట్టు కనబడలేదమ్మా" అన్నారట. తమ్ముడేమో వెలుతురు చాలకే పడ్డారని, తను సంక్రాంతికి వచ్చేసరికి 42 లైట్లు పెట్టించమని లక్షా పదివేల కొటేషన్ పంపించాడు. అందులో ప్రతి కొబ్బరి చెట్టుకీ మొదట్లో నేలలో పాతి పైకి వెలుగు కొట్టే అప్‌లైటు ఉంది. "వద్దంటే దూరంగా ఉన్నవాడి మాటకి విలువ లేదంటాడు. సరే అంటే బాబాయితో శాశ్వతంగా తెగిపోతుంది. నాకు కరెంటు సంగతులు తెలియవు. ఏం చెయ్యను?" అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో రెండు వాక్యాలున్నాయి: "వాన పడినప్పుడల్లా బోర్డులో పెద్ద స్విచ్ పడిపోయేది. ఎలక్ట్రీషియన్ వచ్చి తోట వైరుని డైరెక్ట్ చేశాక ఆ బాధ పోయింది."

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం చివర మీరు మామూలుగా రాసిన ఆ రెండు వాక్యాల దగ్గరే మొదలుపెట్టాలి. తమ్ముడి సంగతీ బాబాయి సంగతీ రేపు చూడొచ్చు. ఇది చదవగానే అమ్మగారికి ఫోన్ చేసి, తోట లైట్లకి వెళ్లే ఎంసీబీని, అంటే బోర్డులో ఆ లైనుకున్న చిన్న బ్రేకర్ స్విచ్‌ని, ఆపించండి. గేటు దగ్గరి ఇనప స్తంభాన్నీ బాత్రూమ్ గోడ మీది లైటునీ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పండి. నాన్నగారు రాత్రిళ్లు లేస్తే నాలుగు రోజులు టార్చిలైటు వాడమనండి.

వాన పడినప్పుడు పడిపోయిన ఆ పెద్ద స్విచ్ ఆర్‌సీసీబీ. లైనులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి రాకపోతే, అంటే తడి గోడలోకో నేలలోకో మనిషి ఒంట్లోకో కొంత జారిపోతే, అది పట్టేసి సెకనులో చిన్న భాగంలోనే లైను తెంపేస్తుంది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. వాన పడినప్పుడల్లా అది పడిందంటే మీ తోటలో ఎక్కడో నీళ్లలోకి కరెంటు పారుతోందని అర్థం. ఎలక్ట్రీషియన్ ఆ లీకు వెతకలేదు, లీకుని చెప్పే పరికరాన్ని పక్కకి తప్పించాడు. ఇప్పుడు ఆ వైరుకి మిగిలిన కాపలా ఎంసీబీ ఒక్కటే. పది ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే పదికి మించిన కరెంటు పారాలి. మనిషి ప్రాణం తియ్యడానికి అందులో నూరో వంతు చాలు. తడి కాళ్లతో గేటు తియ్యబోయి ఆ ఇనప స్తంభాన్ని ఎవరైనా పట్టుకుంటే ఆ ఎంసీబీకి తెలియను కూడా తెలియదు.

లీకు ఎక్కడుందో పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. మెగ్గర్, అంటే వైరు తొడుగులోంచి కరెంటు జారుతోందేమో కొలిచే పరికరం, ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మెగ్గర్ లేదన్నవాడికి ఈ పని ఇవ్వకండి. నాలుగు లైట్లనీ వైరు నుంచి విడదీసి, లైనునీ న్యూట్రల్‌నీ ఒకటిగా కలిపి, వాటికీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల దగ్గర కొలవాలి. మంచి కేబుల్ వందల మెగా ఓములు చూపిస్తుంది. ఒక మెగా ఓముకి దిగువన ఉంటే ఆ వైరు పనికిరాదు. కేబుల్ బాగుందని తేలితే దోషం లైట్లలో ఏదో ఒకదానిలో ఉన్నట్టు. లైట్లు విడదియ్యకుండా మెగ్గర్ పెడితే మాత్రం వాటి లోపలి డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే సర్క్యూట్లు) పాడవ్వొచ్చు, ఆ మాట ముందే చెప్పండి.

మీ కేసులో ఎక్కువగా అనుమానించాల్సింది స్తంభం దగ్గరి అతుకుని. మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి మట్టిలో పూడ్చిన అతుకు ఒక్క వానాకాలానికి మించి ఆగదు. టేపు జిగురు వేడికి మెత్తబడి, తడికి ఊడుతుంది. ఇంకొకటి, ఫ్లడ్‌లైటు రాత్రంతా వేడెక్కి ఉంటుంది, ఆపగానే చల్లబడుతుంది. చల్లబడేటప్పుడు లోపలి గాలి ముడుచుకుని బయటి తేమని లాక్కుంటుంది. కేబుల్ లోపలికి వెళ్లే చోట గ్లాండ్ (కేబుల్ చుట్టూ సందు లేకుండా పట్టే బిగింపు) బిగించకపోతే ప్రతి తెల్లవారుజామునా కాస్త తేమ లోపల చేరుతుంది. అద్దం లోపలి వైపు మసకగా నీటి బొట్లు కనిపిస్తే ఆ లైటు కథ అయిపోయినట్టే.

ఇక నాన్నగారు పడిన మెట్టు సంగతి. ఆయన మాట అక్షరాలా నిజం. మీ గుమ్మం పైన, ఆయన తలకంటే ఎత్తులో, ఆయన వెనక నుంచి 50 వాట్ల లైటు కొడుతోంది. ఆయన మెట్లు దిగడానికి కాలు ముందుకి వేస్తే ఆయన ఒంటి నీడే ఆ మెట్టు మీద పడుతుంది. చుట్టూ వాకిలంతా పట్టపగల్లా ఉంటే కళ్లు ఆ వెలుతురుకి అలవాటుపడిపోయి నీడలో ఉన్నది ఇంకా నల్లగా కనిపిస్తుంది. దానికి తోడు ఎదురుగా గేటు దగ్గరి ఫ్లడ్‌లైటు కళ్లలోకి కొడుతోంది. డెబ్బై దాటినవారికి, అందులోనూ కంటిలో శుక్లం మొదలైతే, ఎదురు వెలుగు కంట్లో పొగమంచులా పరుచుకుంటుంది. అలాంటి చోట 42 కాదు, 80 లైట్లు పెట్టినా ఆ మెట్టు ఆయనకి కనబడదు. మోకాలి ఎత్తు కన్నా కిందినుంచి, పక్కగా, మెట్టు అంచు మీదుగా పడే మూడు వాట్ల వెలుతురైతే కనబడుతుంది.

ఇది మీరే రూఢి చేసుకోవచ్చు. తోట వైరు జోలికి పోకుండా, ఇంటి లోపలి ప్లగ్గు నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు అరుగు దాకా తెచ్చి, పొడిగా ఉన్న రాత్రి, మూడు వాట్ల పసుపు బల్బుని మెట్ల పక్కన అడుగు ఎత్తులో పెట్టండి. నాన్నగారి కళ్లలో పడకుండా అట్టముక్క అడ్డం పెట్టండి. ఫ్లడ్‌లైట్లు ఎలాగూ ఆపి ఉంటాయి. రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనిచ్చి ఆయన్ని మెల్లగా దిగమనండి, చెయ్యి పట్టుకునే. ఏ మెట్టు ఎక్కడ అయిపోతోందో ఆయనే చెబుతారు. ఈ ప్రయోగాన్ని వీడియో తీసి తమ్ముడికి పంపండి. దూరాన ఉన్నవాడికి మాటలకన్నా అదే నచ్చుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, ఎక్కడా తవ్వకుండా సరిపెట్టుకోవడం. గోడల మీద ఉన్న ఫ్లడ్‌లైట్లు దించేసి వాటి చోట 20 వాట్లవి, కదలిక పసిగట్టే సెన్సర్‌తో పెట్టించండి. మెట్ల పక్క గోడకి రెండు చిన్న స్టెప్ లైట్లు, పెరటి గోడ వెంట బాత్రూమ్ దాకా మోకాలి ఎత్తున మూడు వాట్ల లైట్లు నాలుగు. వైరంతా గోడ మీద గట్టి పీవీసీ పైపులోంచి పోతుంది. రెండు రోజుల పని, సంక్రాంతికి హాయిగా అయిపోతుంది. లోటేమిటంటే గేటు నుంచి ఇంటి దాకా ఉన్న 35 మీటర్ల దారి చీకటిగానే ఉంటుంది. గేటు స్తంభాల మీద సోలార్ లైట్లు పెట్టుకుని కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. కానీ కొబ్బరాకు నీడ పడే చోట సోలార్ పెడితే బ్యాటరీ నిండదు, ముసురు పట్టిన వారం అసలే వెలగదు. రెండేళ్లకి బ్యాటరీ మార్చాల్సి రావచ్చు కాబట్టి బ్యాటరీ విడిగా దొరికే మోడలే కొనండి.

రెండోది, ఇప్పుడు మొదటి దారిలోని పని చేయించి, నేల పని ఫిబ్రవరి, మార్చి నెలలకి పెట్టుకోవడం. మాకు ఇదే నచ్చింది. కోనసీమలో కార్తీకం దాకా నేలలో నీళ్లు పైనే ఉంటాయి. గొయ్యి తవ్వితే రెండడుగులకే ఊట వస్తుంది. ఆ బురదలో కేబుల్ వేస్తే కింద ఇసుక పరచడం కుదరదు, పూడ్చిన మట్టి తరవాత దిగిపోతుంది. నీళ్లు తగ్గాక అదే పని సగం శ్రమతో, శుభ్రంగా అవుతుంది. సంక్రాంతికి తమ్ముడు వచ్చినప్పుడు దారి వెంట నడిచి, సున్నంతో గుర్తులు పెట్టుకుని, ఎక్కడ ఏ లైటు ఉండాలో అందరూ కలిసి నిర్ణయించుకునే వీలు కూడా ఉంటుంది. అతని ఇల్లు కూడా కదా, ఆ నిర్ణయంలో అతనికి చోటుండాలి.

మూడోది, తమ్ముడు పంపిన కొటేషన్ ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం. ఒప్పుకుంటే ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు అతనికి చెప్పాల్సింది ఇదే.

కొబ్బరి చెట్ల మొదట్లో నేలలో పాతే లైట్లు మీ నేలకి పనికిరావు. ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచితే తట్టుకుంటుందని పరీక్ష. వారాల తరబడి ఊటలో నానడానికి ఆ హామీ లేదు. కొబ్బరి పాదులు ఏటా తవ్వి ఎరువు వేస్తారు. ఆ పాదు చెట్టు చుట్టూ రమారమి రెండు మీటర్లు ఉంటుంది, కేబుల్ సరిగ్గా గునపం దిగే చోటే పడుతుంది. దింపు తీసే ప్రతిసారీ కాయలు, ఎండు మట్టలు ఆ అద్దాల మీదే పడతాయి. చెట్టుకి లైటు కట్టి మాను వెంట వైరు పాకించడం ఇంకా ప్రమాదం. మోకు వేసుకుని ఎక్కే మనిషి చెయ్యి ఆ వైరు మీద పడుతుంది. కొబ్బరి చెట్ల జోలికి పోవద్దని తమ్ముడికి గట్టిగానే చెప్పండి. అందం కావాలనుకుంటే మామిడి చెట్టుంది, దానికి రెండు లైట్లు చాలు.

ఇంకో చిక్కుంది. ఒక్కో ఎల్‌ఈడీ డ్రైవర్, ఏ దోషమూ లేకపోయినా, కొద్దిపాటి కరెంటు ఎర్త్‌లోకి వదులుతూనే ఉంటుంది. ఒక్కోటి అర మిల్లీ ఆంపియర్ అనుకున్నా 42 లైట్లకి 21 అవుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటిన దగ్గర్నుంచి ఎప్పుడైనా పడొచ్చు. అన్నీ ఒకే లైను మీద వేస్తే వాన లేకపోయినా పడుతూ ఉంటుంది, మళ్లీ ఎవరో ఒకరు వచ్చి "డైరెక్ట్" చేసిపోతారు. కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండో దారికి మొగ్గితే నేల పని ఎలా ఉండాలో చెబుతాం. డబ్బులో పెద్ద వాటా మట్టిలోకే పోనివ్వండి. లైటు పాడైతే పది నిమిషాల్లో మార్చుకోవచ్చు, కేబుల్ పాడైతే వాకిలి మళ్లీ తవ్వాలి.

కేబుల్ రాగిది, మూడు కోర్లది, 2.5 చదరపు మిల్లీమీటర్లది, పైన ఇనప తీగల కవచం ఉన్న ఆర్మర్డ్ కేబుల్ తీసుకోండి. మీ వైపు పందికొక్కులు మామూలు పీవీసీ పైపుని కొరికేస్తాయి, ఆర్మర్‌ని కొరకలేవు. ఆ కవచాన్ని గ్లాండ్‌తో బిగించి బోర్డు దగ్గర ఎర్త్‌కి కలపాలి. చాలామంది దాన్ని కోసేసి వదిలేస్తారు, దగ్గరుండి చూడండి. కాలవ 75 సెంటీమీటర్ల లోతు ఉండాలి. అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ ఇసుక, ఆ పైన వరసగా ఇటుకలు, ఇటుకల మీద కాస్త మట్టి వేశాక ఎర్ర హెచ్చరిక టేపు. రేపెవరైనా గునపం వేస్తే ముందు టేపు తగలాలి, తరవాత ఇటుక తగలాలి. కేబుల్‌ని ప్రహరీ వెంటే పోనివ్వండి, ఏ కొబ్బరి మానుకీ రెండు మీటర్ల లోపు రానివ్వకండి. కారు తిరిగే చోట కేబుల్‌ని గట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులోంచి తీసి, పక్కనే ఇంకో ఖాళీ పైపు కూడా వేసి, అందులో తరవాత వైరు లాగడానికి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనప తీగ) ఒకటి ఉంచి రెండు మూతులూ మూసేయించండి. రేపు గేటుకి మోటారో కెమెరానో పెట్టాలంటే మళ్లీ తవ్వక్కర్లేదు.

నేల కింద అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక లైటు దగ్గర కేబుల్ పైకి వచ్చి, లైటుని నిలబెట్టే కాలు లోపల ఉండే పెట్టెలో కలిసి, అక్కణ్ణుంచి కొత్త ముక్కగా కిందికి దిగి తరవాతి లైటుకి పోవాలి. కేబుల్ పది, పదిహేను మీటర్లు అదనంగా పడుతుంది, పడనివ్వండి. పెట్టెలోకి కేబుల్ ఎప్పుడూ కిందినుంచే దూరాలి, పైనుంచి దూరితే వాన నీరు దాని వెంటే లోపలికి దిగుతుంది. గ్లాండ్ చుట్టూ సందు ఉంటే చీమలు పెట్టెంతా మట్టితో నింపేస్తాయి, ఆ మట్టికి తేమ పడితే అదే లీకు.

తులసికోట దగ్గర, కూరపాదుల పక్కన రోజూ పారలు ఆడే చోట 230 వోల్టులు వద్దు. అక్కడికి ఐసొలేటింగ్ ట్రాన్స్‌ఫార్మర్ (లైట్ల వైపు వైరుని 230 వోల్టుల లైను నుంచి పూర్తిగా వేరుచేసేది) ఉన్న డ్రైవర్‌తో 24 వోల్టుల లైట్లు పెట్టించండి. 12 వోల్టులవీ దొరుకుతాయి కానీ దూరం వెళ్లేకొద్దీ మసకబారతాయి. లెక్క చూడండి: 40 వాట్ల లోడు 30 మీటర్ల దూరంలో ఉంటే, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 12 వోల్టుల్లో దగ్గర దగ్గర 2.4 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే అయిదో వంతు. అదే 24 వోల్టులైతే కరెంటు సగమవుతుంది, పోయేది 1.2 వోల్టులే, నూటికి అయిదు. 2.5 వైరు వేస్తే నూటికి మూడు. చివరి లైటు మసగ్గా ఎందుకుందని అడిగితే "ఆ లైటు నాసిరకం" అంటారు, ఎక్కువసార్లు కారణం ఈ నష్టమే.

ఇక ఏ లైటు ఎక్కడ అన్నది. గేటు స్తంభాలకి కిందికి మాత్రమే వెలుతురు పడే అయిదు వాట్లవి రెండు. దారి పొడుగునా ఒకే పక్క, నాలుగున్నర మీటర్లకొకటి చొప్పున, నడుము కన్నా తక్కువ ఎత్తు కాళ్ల మీద అయిదు వాట్లవి ఎనిమిది. బల్బు కంటికి కనబడని మూత ఉన్నవే ఎంచుకోండి, గుండ్రటి తెల్ల గోళాలు వద్దు, అవి దారికన్నా కంటికే ఎక్కువ వెలుగిస్తాయి. మెట్లకి రెండు, పెరటి దారికి నాలుగు, అన్నీ మూడు వాట్లవి. తులసికోటకి మూడు వాట్లది ఒకటి, ప్రదక్షిణం చేసేవారి కళ్లలో పడకుండా కోట గట్టు కిందినుంచి నేల మీదికి. మామిడికి ఏడు వాట్లవి రెండు. వాటిని మట్టిలో గుచ్చితే నీళ్లు పోసిన నాడల్లా పక్కకి ఒరుగుతాయి, జానెడు ఎత్తు సిమెంటు దిమ్మ మీద బిగించండి. మొత్తం 19 లైట్లు, 85 వాట్లు.

వీటిని రెండు లైన్లుగా విడదియ్యండి, ఒక్కోదానికి విడిగా ఒక 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ, అంటే ఆర్‌సీసీబీ పనీ ఎంసీబీ పనీ రెండూ చేసే స్విచ్, వీలైతే ఎలక్ట్రానిక్ డ్రైవర్ల లీకునీ పట్టే టైప్ ఏ రకం. గేటు, మెట్లు, పెరటి దారి ఒక లైను, ఇది రాత్రంతా వెలగాలి, ఇన్వర్టర్ మీద ఉండాలి. ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ని ఇంట్లో ఇంకో న్యూట్రల్‌తో కలిపేస్తే ఆర్‌సీబీఓ ఊరికే పడుతుంది, ఆ విషయం ముందే చెప్పండి. ముందు దారి, మామిడి, తులసికోట రెండో లైను, రాత్రి పదింటికి టైమర్‌తో ఆరిపోవచ్చు. స్విచ్ ఒకటి వీధి గది దగ్గర, ఇంకొకటి నాన్నగారి మంచం పక్కన, టూ వే పెట్టించండి. ఇప్పుడు మీ నాలుగు ఫ్లడ్‌లైట్లకి రోజుకి 2.4 యూనిట్లు, నెలకి 72 అవుతున్నాయి. ఈ ఏర్పాటుకి నెలకి 17 చాలు.

రంగు విషయంలో బేరం వద్దు. బయట ప్రతి లైటూ 3000 కెల్విన్ లేదా 2700 ఉండాలి, షాపులో వార్మ్ వైట్ అంటారు. 6500 కెల్విన్ తెలుపులో నీలం పాలు ఎక్కువ, పురుగుల కంటికి అదే పిలుపు. పక్కన వరిచేలు ఉంటే వానాకాలం రాత్రుల సంగతి మీకు తెలుసు, తొలకరికి ఉసిళ్లు సరేసరి. వార్మ్ వైట్ పెడితే అసలు రావని కాదు, బాగా తగ్గుతాయి. అరుగు మీద కుర్చీ ఉన్న చోట నెత్తి మీద లైటు తీసేసి, నాలుగు మీటర్ల అవతల మెట్ల పక్కనే వెలుగుంచితే పురుగు అటు పోతుంది, అమ్మగారు ఇటు కూర్చోవచ్చు. పాముల భయం గురించి కూడా రాశారు. వెలుతురుకి పాము రాదనుకోవడం పొరపాటు. దీపపు పురుగుల కోసం కప్పలు చేరతాయి, కప్పల కోసం పాము వస్తుంది. రాత్రి తిరిగే కట్లపాము వెలుగు చూసి పారిపోదు. పెరటి దారిలో కాలు ఎక్కడ పడుతోందో కనిపించడమే రక్ష, దారికి రెండు పక్కలా అడుగున్నర మేర గడ్డి లేకుండా చూసుకోవడం ఇంకో రక్ష.

దొంగల సంగతికొస్తే తమ్ముడి భయాన్ని తీసిపారెయ్యకండి. ముసలివాళ్లిద్దరే ఉన్న ఇల్లు, అంత దూరం నుంచి అతనికి నిద్ర పట్టకపోవడం సహజం. అతనికి కావలసిన భద్రత సెన్సర్ లైటులో ఉంది. చీకట్లో ఉన్నట్టుండి వెలిగిన లైటు ఇంట్లోవాళ్లకీ పక్కింటివాళ్లకీ ఎవరో వచ్చారని చెబుతుంది. రాత్రంతా వెలిగేదానికి ఆ భాష లేదు. పైగా డాబా అంచున మండే ఫ్లడ్‌లైటు వెనక, గోడ నీడలో నిలబడ్డ మనిషి ఎవరికీ కనబడడు. సెన్సర్‌ని రెండున్నర మీటర్ల ఎత్తున, మనిషి దానికి అడ్డంగా నడిచేలా పెట్టాలి, ఎదురుగా నడిచొచ్చే మనిషిని అది ఆలస్యంగా పసిగడుతుంది. వేసవిలో గాలి వేడి ఒంటి వేడికి దగ్గరపడినప్పుడు దాని చూపు తగ్గుతుంది, అందుకని ఎనిమిది మీటర్లకి మించి ఆశించొద్దు. ఊగే అరటాకు ఎదురుగా ఉంటే రాత్రంతా వెలిగి ఆరుతూ ఉంటుంది. కెమెరా పెట్టే ఆలోచన ఉంటే దాని కంట్లోకి ఏ లైటూ కొట్టకుండా చూడండి.

బాబాయిగారి దగ్గరికి మీరే వెళ్లండి, ఫోన్ వద్దు. లైట్లు ఆపేసిన కబురు చెప్పి, కొత్తవి బిగించే సాయంత్రం వారిని ఒక్క పావుగంట వారి పడకగది కిటికీ దగ్గర నిలబడమని అడగండి. మీ ఎలక్ట్రీషియన్ నిచ్చెన మీద లైటు తిప్పుతుంటే ఆ కిటికీలోంచి చూడాల్సింది ఒక్కటే: నేల మీద వెలుగు కనబడవచ్చు, వెలిగే చిప్పులు కనబడకూడదు. అద్దం నేలకి సమాంతరంగా ఉండేలా తిప్పితే చాలావరకు అదే వస్తుంది, చాలకపోతే పక్కన రేకు ముక్క అడ్డం కట్టొచ్చు. ఆయన "చాలు" అన్నాకే నట్టు బిగించండి. పెద్దవారి మాట మీద ఆగిన పని కాబట్టి వారి మనసు కూడా కుదుటపడే అవకాశం ఉంది. ఒకవేళ అప్పటికీ ముఖం చాటేస్తే, కనీసం వారి నిద్ర పాడుచెయ్యడం లేదన్న నిమ్మది మీకుంటుంది.

తమ్ముడితో "వద్దు" అని మొదలుపెట్టకండి. నాన్నగారు మెట్లు దిగిన వీడియో, మెగ్గర్ రీడింగ్ ఫొటో, నెలకి 72 యూనిట్ల లెక్క, ఈ మూడూ పంపి, "నువ్వు పెట్టిద్దామన్న డబ్బు ఇలా పెడదాం, నువ్వొచ్చాక దారి లైట్లు ఎక్కడెక్కడో నువ్వే గుర్తు పెట్టు" అనండి. అప్పటికీ కొబ్బరి చెట్లకి దీపాలు కావాలని పట్టుబడితే, పండగ నాలుగు రోజులకి ఇంటి గోడ నుంచి చెట్ల తలల మీదికి కొట్టేవి రెండు అద్దెకి తెచ్చి, అవి కూడా ఆర్‌సీబీఓ ఉన్న ప్లగ్గు నుంచే వెలిగించి, తరవాత దించేయొచ్చు. అతని సరదా తీరుతుంది, నేల తవ్వక్కర్లేదు.

కొనేటప్పుడు ఇంకొక్క మాట. ఉప్పుగాలి వీచే మీ ప్రాంతంలో చవక అల్యూమినియం బాడీ మీద రంగు రెండేళ్లకి పొక్కులొచ్చి లేచిపోతుంది. దారి లైట్లకి మంచి పాలీకార్బొనేట్ గానీ ఇత్తడి గానీ, స్టీలైతే 316 రకం అడగండి. స్టీలు మరలు అల్యూమినియంలో పట్టేసుకుంటాయి, బిగించే ముందు కాస్త గ్రీజు రాయించండి. ప్రతి రకంలోనూ ఒకటి అదనంగా కొని బీరువాలో పెట్టుకోండి, మూడేళ్ల తరవాత అదే మోడల్ దొరకదు. కాలవ పూడ్చేముందు ప్రహరీ నుంచి టేపు పట్టి ఎన్ని అడుగుల దూరంలో కేబుల్ పోతోందో కనబడేలా ప్రతి మలుపు దగ్గరా ఫొటోలు తీయించండి. ఎలక్ట్రీషియన్‌కి చివరి వాయిదా డబ్బు ఆ ఫొటోలు, మెగ్గర్ రీడింగ్‌లు రాసిన కాగితం, ఆర్‌సీబీఓ టెస్ట్ బటన్ నొక్కితే రెండు లైన్లూ ఆరిపోవడం మీ కళ్లతో చూశాకే ఇవ్వండి. ఆ బటన్ నెలకోసారి, ఒకటో తారీకున నొక్కమని అమ్మగారికి నేర్పండి. నొక్కినా లైను ఆగకపోతే ఆ రోజే మనిషిని పిలిపించమనండి.